లైసెన్సు – జీతం: గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో బీమా వృత్తి చరిత్ర

వ్యాససంగ్రహం:
సింగరేణి బొగ్గుగనుల విస్తరణతో రామగుండం – గోదావరిఖని ప్రాంతంలో నెలజీతంపై ఆధారపడిన కార్మిక సమాజం ఏర్పడింది. గని ఉద్యోగం దొరకని విద్యావంతులకు బీమా ఏజెన్సీ ఒక ఉపాధి మార్గమైంది. ఇతరుల జీవితాలకు భద్రతను విక్రయించే ఈ వృత్తికి సొంతంగా జీతభద్రత ఎంతవరకు లభించిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. 1938 నాటి బీమా చట్టం నుంచి 2016 నాటి ఏజెంట్ల నియామక నిబంధనల వరకు వచ్చిన మార్పులను, సుప్రీంకోర్టు తీర్పులను, సింగరేణి కార్మికుల సంఖ్యలో వచ్చిన హెచ్చుతగ్గులను ఒకదానితో ఒకటి కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, జీవితబీమా, ఏజెంటు, డెవలప్‌మెంట్ ఆఫీసర్, లైసెన్సు, కమీషన్, వారసత్వ ఉద్యోగం.

1. ఉపోద్ఘాతం:
తెలంగాణ బొగ్గుగనుల చరిత్రపై జరిగిన అధ్యయనాల్లో గని కార్మికుడు, కార్మిక సంఘం, సమ్మె, ప్రమాదం ప్రధానాంశాలుగా కనిపిస్తాయి. గనిలోకి దిగకుండా గని జీతంపై ఆధారపడి బతికిన వర్గాల చరిత్రకు అంత ప్రాధాన్యం దక్కలేదు. కిరాణా వర్తకుడు, చిట్టీల నిర్వాహకుడు, వడ్డీ వ్యాపారి, బీమా ఏజెంటు ఈ వర్గాలలోని వారే. వీరిలో బీమా ఏజెంటు స్థానం ప్రత్యేకమైనది. అతని చేతిలో చట్టం గుర్తించిన లైసెన్సు ఉన్నది, అతని వెనుక ప్రభుత్వ సంస్థ పేరున్నది. కానీ అతనికి జీతం లేదు, హాజరుపట్టీలో పేరు లేదు.

గోదావరిఖనిలో గనిని ‘బాయి’ అంటారు. ‘బాయి పని’ దొరకడమంటే మస్టరులో పేరు చేరడం, జీతం చిట్టీ అందుకోవడం, క్వార్టరు పొందడం, కంపెనీ ఆసుపత్రిలో వైద్యానికి అర్హత సంపాదించడం. స్థిరమైన బతుకుకు ఆ సమాజం పెట్టుకున్న కొలమానం ఇదే. బీమా వృత్తిని కూడా ఈ కొలమానంతోనే అంచనా వేయవలసి ఉన్నది.

2. బొగ్గు జీతం – భద్రతా భావన:
1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వక హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొనుగోలు చేసింది. 1956లో కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1960 నుంచి కేంద్రప్రభుత్వం కూడా వాటాదారుగా చేరింది.

రామగుండం ప్రాంతంలో తవ్వకాలు 1950ల చివర, 1960ల తొలినాళ్లలో ఊపందుకున్నాయి. ఆ తరువాత విద్యుత్తు, ఎరువుల పరిశ్రమలు వచ్చాయి. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. 1978లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1980లో ఎరువుల కర్మాగారం వాణిజ్య ఉత్పత్తిని ఆరంభించింది. ఈ విధంగా ఒకే పట్టణ పరిధిలో వేలాదిమంది నెలజీతగాళ్లు స్థిరపడ్డారు. వర్షాధార వ్యవసాయం మీద ఆధారపడిన పరిసర గ్రామాల్లో ఇటువంటి క్రమబద్ధమైన ఆదాయం అరుదు.

బొగ్గుగని కార్మికులకు చట్టబద్ధమైన రక్షణలు లేకపోలేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, 1948 నాటి బొగ్గుగనుల భవిష్యనిధి చట్టం, ఆ నిధికి అనుబంధంగా 1971లో వచ్చిన కుటుంబ పెన్షన్ పథకం, 1976లో వచ్చిన డిపాజిట్ అనుబంధ బీమా పథకం ఇందులో ముఖ్యమైనవి. అయినా గని ప్రమాదం ఒక కుటుంబాన్ని క్షణంలో నిరాధారం చేయగలదన్న ఎరుక ఇంటింటా ఉండేది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. అదే ఏడాది అక్టోబరులో 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. బీమా ఏజెంటు ఈ ప్రాంతంలో మరణభయాన్ని కొత్తగా పరిచయం చేయవలసిన అవసరం లేకపోయింది. అతడు చేయవలసిందల్లా ఆ భయానికి ఒక నెలసరి వాయిదాను నిర్ణయించడమే.

3. బీమా ఏజెంటు – చట్టం కల్పించిన స్థానం:
తెలుగునేలపై బీమాకు దీర్ఘచరిత్ర ఉన్నది. నిజాం రాజ్యంలో 1907లోనే ప్రభుత్వోద్యోగుల కోసం కుటుంబ పెన్షన్ నిధి మొదలై, తరువాత ప్రభుత్వ జీవితబీమాగా రూపొందింది. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించాడు. మొదటిది జీతం నుంచి నేరుగా కోత విధించే పద్ధతి. రెండవది ఏజెంటు ఇంటింటికీ తిరిగి పాలసీలు చేయించే పద్ధతి. సింగరేణి ప్రాంతంలో కాలక్రమంలో ఈ రెండు పద్ధతులూ కలిసిపోయాయి.

1938 నాటి బీమా చట్టం ఏజెంటుకు చట్టబద్ధమైన రూపాన్నిచ్చింది. 42వ సెక్షన్ లైసెన్సును తప్పనిసరి చేసింది. ఏజెంటు తన కమీషన్‌లో కొంత పాలసీదారునికి ముట్టజెప్పడాన్ని 41వ సెక్షన్ నిషేధించింది. నిర్ణీతకాలం నిరంతరంగా పనిచేసిన ఏజెంటుకు, అతని మరణానంతరం వారసులకు, పాత పాలసీలపై వచ్చే రెన్యువల్ కమీషన్‌ను ఆపరాదని 44వ సెక్షన్ రక్షణ కల్పించింది. ఈ రక్షణ గోదావరిఖని సమాజానికి సుపరిచితమైన ఒక భావనకు చాలా దగ్గరగా ఉండటం గమనార్హం. తండ్రి గని ఉద్యోగం కొడుక్కు దక్కినట్లే, తండ్రి చేయించిన పాలసీల కమీషన్ కూడా ఇంటికి దక్కుతుంది. కానీ మొదటిది ఉద్యోగం. రెండవది పాలసీదారులు ప్రీమియం కడుతున్నంత కాలం మాత్రమే నిలిచే రాబడి.

1956 జనవరి 19న వెలువడిన ఆర్డినెన్సుతో జీవితబీమా వ్యాపారం ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1న భారత జీవితబీమా సంస్థ ఏర్పడింది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంటు సొసైటీలు కలిపి మొత్తం 245 సంస్థలు అందులో విలీనమయ్యాయి. 5 జోనల్ కార్యాలయాలు, 33 డివిజనల్ కార్యాలయాలు, 212 శాఖలతో పని ప్రారంభమైంది. జాతీయీకరణతో కార్యాలయ సిబ్బంది ప్రభుత్వరంగ ఉద్యోగులయ్యారు. ఏజెంటు మాత్రం కమీషన్‌దారుగానే మిగిలిపోయాడు. ఒకే శాఖా కార్యాలయంలో బల్లకు అవతల కూర్చున్నవారు జీతగాళ్లు. ఇవతల నిల్చున్నవాడు ఏజెంటు. ఈ విభజన తరువాతి ఆరు దశాబ్దాలకు పైగా చెరగలేదు.

4. జీతం చిట్టీలో ప్రీమియం:
సింగరేణి ప్రాంతంలో బీమా వ్యాప్తికి ప్రధాన సాధనం వేతన పొదుపు పథకం. యజమాని కార్మికుని జీతం నుంచి ప్రతినెలా ప్రీమియాన్ని కోసి బీమా సంస్థకు పంపుతాడు. వాయిదా తేదీని కార్మికుడు గుర్తుంచుకోనక్కరలేదు, ఏజెంటు ఇంటికి వెళ్లి గుర్తుచేయనక్కరలేదు. భవిష్యనిధి, సంఘం చందా, అప్పు వాయిదా వంటి కోతల వరుసలో బీమా కోత కూడా జీతం చిట్టీలో చేరింది.

ఇందులో ఏజెంటుకు గొప్ప సౌలభ్యమున్నది. మిగిలిన ప్రాంతాల్లో పాలసీలు రెండు మూడేళ్లకే ఆగిపోవడం ఏజెంటు ఆదాయానికి పెద్దదెబ్బ. గని కార్మికుని పాలసీ మాత్రం అతడు మస్టరులో ఉన్నంతకాలం కొనసాగే అవకాశం ఎక్కువ. దసరాకు ముందు వచ్చే లాభాల వాటా, దీపావళి బోనసు, చిట్టీల పాట, ‘గిరిగిరి’ పేరిట సాగే వడ్డీ వ్యాపారం – వీటన్నింటి పోటీ మధ్య బీమా వాయిదా నిలదొక్కుకున్నదంటే, ఆ డబ్బు కార్మికుని చేతికి రాకముందే కోతపడటమే కారణం.

రెండు సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే ఏజెంటు న్యాయస్థితి స్పష్టమవుతుంది. 1972 నాటి నియమావళి ప్రకారం ప్రీమియం వసూలుచేసే అధికారం ఏజెంటుకు లేదు. 1997 నాటి కేసులో ఒక పాలసీదారు ప్రీమియం చెక్కును ఏజెంటుకు ఇచ్చాడు. అది సకాలంలో సంస్థకు చేరలేదు. ఈలోగా పాలసీదారు మరణించాడు. ఏజెంటుకు ఇచ్చిన సొమ్ము సంస్థకు చెల్లించినట్లు కాదని కోర్టు తేల్చింది. 1999లో ఢిల్లీ విద్యుత్ సరఫరా సంస్థ ఉద్యోగి కేసు వచ్చింది. యజమాని జీతం నుంచి ప్రీమియం కోశాడు గాని బీమా సంస్థకు పంపలేదు. ఉద్యోగి మరణించాడు. వేతన పొదుపు పథకంలో యజమాని బీమా సంస్థ తరఫున ప్రీమియం స్వీకరించినట్లే భావించి, బీమా సంస్థ బాధ్యత వహించాలని కోర్టు నిర్ణయించింది.

ఈ రెండింటి సారాంశం ఒక్కటే. ‘ఏజెంటు’ అని పేరున్నవాడికి సంస్థ తరఫున సొమ్ము తీసుకునే అధికారం లేదు. ఆ పేరులేని యజమాని జీతాల విభాగానికి ఆ అధికారం ఉన్నట్లు న్యాయం గుర్తించింది. కార్మికుని దృష్టిలో బీమా అంటే ఏజెంటు ముఖమే. చట్టం దృష్టిలో మాత్రం నమ్మదగిన చేయి జీతాల విభాగానిది.

5. కమీషన్ – ఒక లెక్క:
1938 చట్టంలోని 40ఎ సెక్షన్ జీవితబీమా కమీషన్‌కు పరిమితులు విధించింది. మొదటి సంవత్సరం ప్రీమియంపై గరిష్ఠంగా 35 శాతం, రెండు, మూడు సంవత్సరాల్లో 7.5 శాతం, ఆ తరువాత 5 శాతం. నెలకు 500 రూపాయల కోత ఉన్న ఒక పాలసీని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఏడాది ప్రీమియం 6,000 రూపాయలు. గరిష్ఠ పరిమితి ప్రకారం చూసినా ఏజెంటుకు మొదటి ఏడాది 2,100, తరువాతి రెండేళ్లు ఏటా 450, నాలుగో ఏడాది నుంచి ఏటా 300 రూపాయలు అందుతాయి. రెన్యువల్ కమీషన్‌తోనే నెలకు 10,000 రూపాయల స్థిరాదాయం కావాలంటే, ఇటువంటి పాలసీలు 400 ఆగకుండా నడుస్తూ ఉండాలి.

400 మంది కార్మికుల నమ్మకం సంపాదించడానికి పట్టే కాలం తక్కువేమీ కాదు. అందువల్ల తొలి సంవత్సరాల్లో ఏజెంటు చుట్టాలు, కులబంధువులు, తండ్రితో ఒకే షిఫ్టులో పనిచేసినవారు అనే పరిధిలోనే తిరుగుతాడు. ఆ పరిధి పూర్తయిన తరువాత కొత్తవారు దొరకనివాడు వృత్తి నుంచి తప్పుకుంటాడు. ఏటా కనీసం 12 మంది కొత్తవారిని బీమాలో చేర్చాలన్న నియమం కూడా ఈ వడపోతకు తోడ్పడింది. దీనినిబట్టి బీమా వృత్తిలో నిలదొక్కుకోవడానికి లైసెన్సు కన్నా ముందుగా కావలసినది ఒక సామాజిక మూలధనం అని చెప్పవచ్చు. గని కార్మికుని ఇంట పుట్టినవాడికి అది కొంత సహజంగా లభించింది. బయటి గ్రామాల నుంచి వచ్చినవాడు దానిని మొదటి నుంచి కూడబెట్టుకోవలసి వచ్చింది.

6. డెవలప్‌మెంట్ ఆఫీసర్ – జీతమున్న బీమా మనిషి:
ఏజెంటుకూ కార్యాలయ ఉద్యోగికీ నడుమ ఉన్నవాడు డెవలప్‌మెంట్ ఆఫీసర్. జాతీయీకరణ తొలినాళ్లలో ఇతనిని ఫీల్డ్ ఆఫీసర్ అనేవారు. ఏజెంట్లను చేర్చుకోవడం, శిక్షణ ఇవ్వడం, వారితో పాలసీలు చేయించడం ఇతని విధి. ఇతనికి నెలజీతం, కరువుభత్యం, పదవీవిరమణ ప్రయోజనాలు ఉన్నాయి. ఈ ఉద్యోగాల నియామకాల్లో ఏజెంట్లకు ప్రత్యేక కేటగిరీ ఉండటం వల్ల, లైసెన్సు నుంచి జీతానికి వెళ్లే ఇరుకైన దారి ఒకటి ఏర్పడింది. 2023 జనవరిలో దేశవ్యాప్తంగా 9,394 అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన వెలువడినప్పుడు కూడా ఈ కేటగిరీ కొనసాగింది.

అయితే ఈ జీతం కూడా పూర్తిగా నిలకడైనది కాదు. తన ఏజెంట్ల ద్వారా తెచ్చిన ప్రీమియంలో తనపై సంస్థ పెట్టే ఖర్చు నిర్ణీత శాతాన్ని మించకూడదన్న ‘ఖర్చు నిష్పత్తి’ నియమం ఇతని మీద ఉన్నది. వ్యాపారం తగ్గితే ఇంక్రిమెంటు ఆగుతుంది, జీతం కోతపడుతుంది, చివరికి ఉద్యోగమే పోవచ్చు. 1957 నాటి సేవానిబంధనల ఉత్తర్వు నేపథ్యంలో తొలగింపునకు గురైన ఫీల్డ్ ఆఫీసర్ల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1964లో వచ్చిన తీర్పు ఆ తొలగింపులను సమర్థించలేదు.

1983లో మరొక మౌలిక ప్రశ్న ఎదురైంది. డెవలప్‌మెంట్ ఆఫీసర్ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ‘కార్మికుడు’ అవుతాడా? అవుతాడని సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పునిచ్చింది. 1994లో మందుల కంపెనీల ప్రతినిధుల కేసును విచారించిన రాజ్యాంగ ధర్మాసనం, అంతకుముందరి తీర్పులను పరిగణించకుండా వెలువడిన 1983 నాటి నిర్ణయాన్ని ప్రామాణికంగా స్వీకరించలేదు. బొగ్గుగని ప్రాంతంలో ఈ వ్యత్యాసానికి విశేషార్థం ఉన్నది. బొగ్గు నింపే కార్మికుడు తన హోదా గురించి ఎన్నడూ సందేహించనక్కరలేదు. అతనికి సంఘం, వేతన ఒప్పందం, సమ్మె హక్కు ఉన్నాయి. అతని చేత పాలసీ చేయించిన అధికారి మాత్రం తాను కార్మికుడో కాదో కోర్టు ద్వారా తెలుసుకోవలసి వచ్చింది.

7. 2000 తరువాత – పరీక్ష, లైసెన్సు, నియామకం:
ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన 1993లో ఏర్పడిన సంఘం 1994లో తన నివేదికను సమర్పించింది. 1999లో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం 2001లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2000 నాటి నిబంధనలు లైసెన్సుకు 100 గంటల శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేశాయి. 5,000కు మించిన జనాభా ఉన్నచోట ఇంటర్మీడియట్, ఇతర చోట్ల పదో తరగతి కనీసార్హతలయ్యాయి. లైసెన్సు గడువు మూడేళ్లు.

ఈ మార్పు గోదావరిఖనికి ఏ సమయంలో చేరిందో గమనించాలి. 1990లలో సింగరేణి భారీనష్టాల్లో కూరుకుపోయి, రోగగ్రస్త పరిశ్రమల బోర్డు పరిశీలనకు వెళ్లింది. ఆ దశాబ్దం చివర వారసత్వ ఉద్యోగాలు నిలిచిపోయాయి. 1999లో ఎరువుల కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయింది. ఇంటర్మీడియట్, డిగ్రీ చదివి తండ్రి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకులకు దారులు మూసుకుపోతున్న సమయంలోనే, చదువు ఆధారంగా లైసెన్సు ఇచ్చే వృత్తి వారి ముందుకు వచ్చింది. పరీక్ష, ధ్రువపత్రం, గుర్తింపుసంఖ్య – ఇవన్నీ ఉద్యోగానికి ఉండే లక్షణాలే. లేనిది జీతం ఒక్కటే. లైసెన్సు పొందడాన్ని ఉద్యోగం పొందడంగా పొరబడటానికి ఇంతకన్నా అనువైన సందర్భం ఉండదు.

2015లో బీమా చట్టాల సవరణ ద్వారా ఏజెంటు లైసెన్సు విధానమే రద్దయింది. 2016 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం పరీక్షలో ఉత్తీర్ణుడైన అభ్యర్థిని బీమా కంపెనీయే ఏజెంటుగా ‘నియమిస్తుంది’. మాట మారింది గాని స్థితి మారలేదు. నియామకపత్రం ఉన్నా నెలజీతం లేదు. 2023 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం జీవితబీమా సంస్థ ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితిని 3 లక్షల నుంచి 5 లక్షల రూపాయలకు పెంచింది. ఉద్యోగికి ఉండే ప్రయోజనాల్లో ఒకటి ఏజెంటుకూ అందడం విశేషమే. కానీ అది వృత్తి చివర లభించే ఊరట. వృత్తి నడుస్తున్నంత కాలం కావలసిన స్థిరత్వం కాదు.

8. కుదించుకుపోయిన మస్టరు:
1990ల తొలినాళ్లలో లక్షకు పైబడిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇటీవలి కాలానికి 40 వేల దరిదాపుకు చేరింది. యాంత్రీకరణ, ఓపెన్‌కాస్టు గనుల విస్తరణ, స్వచ్ఛంద పదవీవిరమణ పథకాలు, కాంట్రాక్టు పద్ధతి ఇందుకు కారణాలు. మస్టరులో ఒక పేరు తగ్గడమంటే జీతం చిట్టీలో ఒక బీమా కోత ఆగడం. ఒక బీమా కోత ఆగడమంటే ఏజెంటు రెన్యువల్ కమీషన్‌లో ఒక వాయిదా తగ్గడం. కాంట్రాక్టు కార్మికుని పని ఒక గుత్తేదారు నుంచి మరొక గుత్తేదారుకు మారుతుంది గనుక, అతని జీతం నుంచి దీర్ఘకాలం నిలకడగా కోత సాగడం కష్టం. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆపై వైద్యకారణాలతో ‘అన్‌ఫిట్’ అయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు జరిగినా, మస్టరు పాత విస్తృతికి చేరలేదు.

మరొక మార్పు బీమా చేరే దారిలో వచ్చింది. 2018 ఆగస్టులో రాష్ట్రప్రభుత్వం ప్రారంభించిన రైతుబీమాలో ప్రభుత్వమే ప్రీమియం చెల్లించి జీవితబీమా సంస్థతో సామూహిక ఒప్పందం చేసుకున్నది. 2024 ఫిబ్రవరిలో సింగరేణి యాజమాన్యం ఒక ప్రభుత్వరంగ బ్యాంకుతో ఒప్పందం కుదుర్చుకొని, జీతం ఖాతా ద్వారా కార్మికులకు కోటి రూపాయల ప్రమాదబీమా కల్పించింది. కార్మిక కుటుంబాల దృష్టిలో ఇవి నిస్సందేహంగా మేలైన ఏర్పాట్లు. వీటిలో ఏజెంటు పాత్ర లేదు. గతంలో జీతాల విభాగం ఏజెంటు చేయించిన పాలసీకి వాయిదా కోసేది. ఇప్పుడు జీతం ఖాతాయే బీమాను వెంటబెట్టుకొని వస్తున్నది.

9. ముగింపు:
పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

1. గోదావరిఖని ప్రాంతంలో బీమా ఏజెంటు ఆదాయంలో కనిపించిన స్థిరత్వం అతని వృత్తిలో పుట్టినది కాదు. అది గని కార్మికుని నెలజీతం నుంచి అరువు తెచ్చుకున్నది. మస్టరు పెరిగినప్పుడు అది పెరిగింది. మస్టరు తగ్గినప్పుడు అది కూడా తగ్గింది.

2. లైసెన్సు ఒక వృత్తి చేయడానికి అనుమతి మాత్రమే. 1938 నుంచి 2016 దాకా అర్హతలు, శిక్షణ, పరీక్ష, నియామక పద్ధతి మారాయి గాని, ఏజెంటు జీతగాడు కాడన్న మౌలికసూత్రం మారలేదు.

3. లైసెన్సు నుంచి జీతానికి దారితీసిన డెవలప్‌మెంట్ ఆఫీసర్ ఉద్యోగం కూడా వ్యాపార పరిమాణానికి కట్టుబడినదే. 1964, 1983, 1994 తీర్పులు ఆ హోదాలోని సందిగ్ధతను వెల్లడిస్తున్నాయి.

4. వారసత్వ ఉద్యోగాలు ఆగిన కాలంలోనే ప్రైవేటు బీమా విస్తరించడం వల్ల, ఉద్యోగానికి ప్రత్యామ్నాయంగా బీమా లైసెన్సు ముందుకు వచ్చింది. అది లోటును పూరించలేదు, దాని బరువును కుటుంబాల మీదికే మళ్లించింది.

గని కార్మికుడు ప్రమాదంలో మరణిస్తే అతని ఇంటికి ముందుగా చేరేవారిలో అతని పాలసీ చేయించిన ఏజెంటు ఒకడు. మరణధ్రువపత్రం, నామినీ సంతకం, బ్యాంకు ఖాతా – ఈ కాగితాల పనంతా అతడే దగ్గరుండి చేయిస్తాడు. క్లెయిము పనికి చట్టం అతనికి విడిగా కమీషన్ నిర్ణయించలేదు. కార్మిక సమాజం అతనిని గుర్తుంచుకున్నది ఈ పని వల్లనే. బొగ్గుగనుల సామాజిక చరిత్ర సమగ్రం కావాలంటే, హాజరుపట్టీకి ఎక్కని ఇటువంటి శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.